వజ్రాల జాడ చెప్పే భూభౌతిక సర్వేలు

వజ్రాలు సాధారణంగా భూమి లోపల 150 కి.మీ.కు పైగా లోతులో ఏర్పడతాయి. కింబర్లైట్ శిలాద్రవం వాటిని పైకి మోసుకొస్తుంది. ఆ ద్రవం గట్టిపడి నిలువుగా గొట్టంలా ఏర్పడిన శిలలను ‘పైపులు’ అంటారు. మట్టి కప్పేసిన పైపులను గుర్తించేందుకు సర్వేలు చేస్తారు.

* అయస్కాంత సర్వే: కింబర్లైట్‌లోని మాగ్నటైట్, ఇల్మనైట్ ఖనిజాల వల్ల అయస్కాంత క్షేత్రంలో తేడా కనిపిస్తుంది. మ్యాప్‌పై పైపు గుండ్రంగా, డోలరైట్ డైక్ (పగులులో గోడలా గట్టిపడిన అగ్నిశిల) పొడవాటి గీతలా కనిపించడం ముఖ్యమైన తేడా.
* విద్యుత్ నిరోధకత సర్వే: శిథిలమైన కింబర్లైట్ బంకమట్టిగా మారుతుంది. తేమ పట్టి ఉండటంతో చుట్టూ ఉన్న గ్రానైట్ కంటే దాని నిరోధకత తక్కువ.
* గురుత్వ సర్వే: శిథిల భాగం సాంద్రత తక్కువ కాబట్టి గురుత్వం తగ్గినట్లు నమోదవుతుంది.

ఈ సర్వేలు పైపును చూపుతాయే తప్ప వజ్రాన్ని కాదు. అన్ని పైపుల్లోనూ వజ్రాలుండవు. డ్రిల్లింగ్, నమూనాల పరీక్షతోనే నిర్ధారణ.

గుర్తుంచుకోండి
* వజ్రకరూర్ కింబర్లైట్ క్షేత్రం: అనంతపురం జిల్లా
* నారాయణపేట కింబర్లైట్ క్షేత్రం: తెలంగాణ–కర్ణాటక సరిహద్దు ప్రాంతం
* మఝ్‌గవాన్ వజ్రాల గని (ఎన్‌ఎండీసీ): పన్నా, మధ్యప్రదేశ్
* జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా: స్థాపన 1851, ప్రధాన కార్యాలయం కోల్‌కతా

మాదిరి ప్రశ్న: కింబర్లైట్‌కు ఆ పేరు ఏ దేశంలోని పట్టణం నుంచి వచ్చింది?
జవాబు: దక్షిణాఫ్రికా (కింబర్లీ)