లెక్క కుదరని మత్తు
(రక్తంలో ఆల్కహాల్ గురించి ఒక పాఠం)



మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాము. సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవిత రాద్దామా అనుకున్నాము. కానీ మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ప్రతి ఇంటికీ అవసరమయ్యే లెక్క ఒకటుంది. అదే రాస్తున్నాము.

రక్తంలో ఆల్కహాల్ అంటే ఏమిటి?

వంద మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉందో చెప్పేదే ఈ కొలత. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 30 దాటితే బండి నడపడం నేరం. రోడ్డు మీద పోలీసులు ఊదించే యంత్రం చూపే అంకె కూడా ఇదే. అలవాటు లేని మనిషికి 100 దగ్గర మాట, నడక తడబడతాయి. 200 దగ్గర నిలబడలేడు. 300 దగ్గర పిలిచినా సరిగా పలకడు. 400 దాటితే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఈ అంకెను సుమారుగా మనమే కట్టవచ్చు. స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ చూపిన పద్ధతి ఇది. తాగిన ఆల్కహాల్ ఎన్ని గ్రాములో లెక్కించాలి. మనిషి బరువును మగవారికైతే 0.68తో, ఆడవారికైతే 0.55తో గుణించాలి. గ్రాములను ఆ వచ్చిన దానితో భాగించి, 100తో హెచ్చిస్తే అంకె వస్తుంది. శరీరం గంటకు సుమారు 15 చొప్పున తగ్గించుకుంటుంది. నిమ్మరసం తాగినా, తల మీద నీళ్లు పోసినా ఆ వేగం పెరగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 60 కిలోల మనిషి 42.8 శాతం విస్కీ ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, తాగాడు. అందులో 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్, బరువులో 61 గ్రాములు. 60ని 0.68తో గుణిస్తే 40.8. లెక్క వేస్తే దాదాపు 150 వస్తుంది. అదే మనిషి పందెం కాసి 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్ ఒక్కసారే ఎత్తితే అంకె 600 దాటుతుంది. పందెం తాగుళ్లలో ప్రాణాలు ఎందుకు పోతాయో దీన్నిబట్టి తెలుసుకోండి.

అంకె ఒక్కటే చాలదు

అమెరికాలోని కాలిఫోర్నియాలో 24 ఏళ్ల మహిళను ఎమర్జెన్సీకి తెచ్చారు. ఆమె రక్తంలో అంకె 1,510. అయినా మెలకువతో ఉండి, అడిగినదానికి జవాబు చెప్పింది, బతికింది. ఈ కేసు 1982లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. ఏళ్ల తరబడి తాగే వారి మెదడు మత్తుకు అలవాటు పడుతుంది. అందుకే "నడుస్తున్నాడు కదా, ఏం కాదు" అనుకోవడం తప్పు. అలాంటి వారు చాలా అరుదు. అదే అంకెకు మామూలు మనిషి బతకడు.

మన దగ్గర దీనికి తిరగబడ్డ కేసు కనిపిస్తుంది. అంకె చిన్నది, మనిషి మాత్రం స్పృహలో ఉండడు.

కల్లు లెక్క

650 మిల్లీలీటర్ల సీసా కల్లులో ఆల్కహాల్ ఐదు శాతం అనుకుందాం. ఒక సీసాకు సుమారు 26 గ్రాములు. 60 కిలోల మనిషికి అంకె 63 వస్తుంది. రెండు సీసాలకు 126. రెండు గంటలు గడిస్తే 100కు దిగుతుంది. ఆ అంకెకు మనిషి పాట పాడతాడు, తూలుతాడు, తగువు పెట్టుకుంటాడు. కానీ గిల్లినా లేవనంత నిద్ర పోడు.

మరి రెండు సీసాలకే మనిషి కట్టెలా పడిపోతే? లెక్క కుదరలేదన్నమాట. కారణం ఆల్కహాల్ కాదు, మరొకటి. తలకు దెబ్బ తగిలి ఉండవచ్చు, రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు, కల్లులో మత్తుమందు కలిసి ఉండవచ్చు.

ఈత చెట్లు, తాటి చెట్లు ఇచ్చే కల్లు అడిగేవారందరికీ చాలదు. ఆ కొరత తీర్చడానికి కల్తీదారులు నీళ్లలో శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. ఇది చెట్టెక్కి బతికే గీత కార్మికుడి తప్పు కాదు, పొడి అమ్ముకునే వారి వ్యాపారం. ఊదే యంత్రం ఈ మందులను పట్టదు. ఆల్కహాల్ కోసం చేసే రక్త పరీక్షా పట్టదు. వేరే పరీక్ష కావాలి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం బయటపడింది.

మా ఇంటి సంగతి

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు పెరిగాయి. మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో రోజూ తాగేవారికి ఒక్కసారిగా మందు కల్లు అందలేదు. చేతులు వణుకుతూ, నిద్ర లేక, ఏవేవో మాట్లాడుతూ వందల మంది ఆసుపత్రులకు వచ్చారు.

వారిలో మా నాయిన ఒకరు. అప్పుడు మేము ఎనిమిదో తరగతి, సెలవుకు ఇంటికి పోయి ఉన్నాము. పగలంతా రాళ్లు మోసి, ఒళ్లు నొప్పులకు సాయంత్రం రెండు సీసాలు తాగడం నాయిన అలవాటు. కల్లు లేని రెండో రాత్రి గోడ మీద పాములున్నాయని అరిచారు. మా అవ్వ "గాలి సోకింది బిడ్డా" అని తాయెత్తు కట్టించింది. తెల్లారేసరికి ఫిట్స్ వచ్చాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. "ఎప్పుడు తాగిండు?" అని డాక్టరు అడిగితే, సిగ్గుపడి "తాగడు సార్" అన్నాము. ఆ ఒక్క అబద్ధంతో ఎంతో సేపు వృథా అయింది. చివరికి అమ్మ నిజం చెప్పింది. నాయిన బతికారు.

ఎమ్మెస్సీలో ఈ లెక్క చేసిన రోజు మాకు అర్థమైంది. ఆ రెండు సీసాల ఆల్కహాల్‌కు అంత ఫిట్స్ రావు. అది మందు మానిన ఫిట్స్. నాయినను తాగుబోతని హాస్టల్లో ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఆయన డబ్బిచ్చి కొనుక్కున్నది కల్లనే అనుకున్నారు.

గుర్తుంచుకోవలసినవి

1. మత్తులో పడిన వారిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంటే వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. ఒంటరిగా వదలవద్దు.

2. స్పృహ లేని వారి నోట్లో మజ్జిగ, చింతపండు పులుసు, నీళ్లు ఏవీ పోయవద్దు.

3. గిల్లినా లేవకపోతే, శ్వాస నిమిషానికి ఎనిమిది కన్నా తగ్గితే, పెదవులు నీలంగా మారితే, ఫిట్స్ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

4. ఏం తాగారు, ఎన్ని సీసాలు, ఎప్పుడు మానారు అన్నది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. సీసాలో మిగిలింది ఉంటే వెంట తీసుకుపోండి.

5. ఏళ్లుగా తాగేవారిని ఒక్కరోజులో మాన్పించి ఇంట్లో పెట్టవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించి, మందులతో మెల్లగా మాన్పించాలి. వ్యసన విముక్తి సలహాకు 14446 ఉచిత నంబరు ఉంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ లెక్క ఒకసారి అమ్మకు చెప్పండి. వాకిట్లో ఎవరైనా పడి ఉంటే "తాగి పడ్డడు, తెల్లారితే లేస్తడు" అని దాటిపోకండి. దగ్గర కూర్చుని శ్వాస లెక్కపెట్టండి. మన చదువు మన ఇంటి గడప దాకా చేరడమంటే ఇదే.