అగ్గి తెగులు బూజు ఆకులోనికి జొచ్చు విధము



వరి పైరునకు సోకు తెగుళ్లలో అగ్గి తెగులు మిక్కిలి హానికరమైనది. ఆకులపై నూలు కండె ఆకారము గల మచ్చలు పుట్టును. మచ్చ నడుమ బూడిద రంగును, అంచున గోధుమ రంగును ఉండును. వెన్ను మెడకు సోకినచో మెడ విరిగి గింజలు తాలగును. 1986వ సంవత్సరమున బాపట్ల నుండి విడుదలయి మన ప్రాంతమున ఎంతో పేరొందిన సాంబ మసూరి ఈ తెగులునకు సులభముగా లోబడును. కావున శత్రువు లోనికి జొచ్చు విధమును మనము తెలిసికొనవలెను.

జీవకణములలో కొన్ని అన్ని దిక్కులకు సమముగా ఉబ్బును. కొన్ని కొననుండి మాత్రమే సాగును. వేళ్లపై నుండు సన్నని నూగు, పూవుపై రాలిన పుప్పొడి నుండి మొలచు నాళము, బూజు పోగు ఇట్టివే. ఇట్లు ఒకే దిక్కునకు సాగవలెనన్న క్రొత్త సామగ్రి ఆ కొనకే చేరవలెను గదా! అది యెట్లు చేరును?

కణము చుట్టును, కణములోని సంచుల చుట్టును రెండు వరుసల పలుచని క్రొవ్వు పొర కలదు. ఆ పొరలో ఫ్లిప్పేజులను మాంసకృత్తులు కుదురుకొని యుండును. ఇవి కణము యొక్క శక్తిని వెచ్చించి, ఆవలి వరుసలోని క్రొవ్వు అణువులను కణరసము వైపు వరుసలోనికి మార్చును. బొంతలో ఒక ప్రక్క గుడ్డ హెచ్చినచో ఆ ప్రక్కకు ఉబ్బును గదా! అట్లే పొర వంగి చిన్న చిన్న తిత్తులు విడివడును. గోడ కట్టు సామగ్రిని, ఆకును కరగించు రసములను మోసికొని ఆ తిత్తులే కొనకు చేరును.

అగ్గి తెగులు విత్తు తడి ఆకుపై బడి, చిన్న నాళమును మొలిపించును. దాని కొన గుమ్మటమువలె ఉబ్బి ఆకునకు అంటుకొనును. అందలి ఒత్తిడి సుమారు 80 వాతావరణముల వరకు ఉండునని 1991లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది మోటారు చక్రములోని గాలి ఒత్తిడికి దాదాపు నలుబది రెట్లు. ఆ బలముతో అడుగునుండి సన్నని మేకు ఆకులోనికి దిగును.

ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమున నికొలసు టాల్బటుగారును వారి సహచరులును ఈ బూజునందలి ఇట్టి మాంసకృత్తులను పరిశోధించిరి. వీనిలో ఒకటి లోపించిన బూజునకు ఆకులోనికి పోగు దింపుట కష్టమయ్యెనని 2001లో తెలిపిరి. వేరొకటి లోపించిన బూజు మామూలుగనే పెరిగి విత్తులు కట్టినను, రసములను సరిగా వెలువరింపజాలక, పైరున తెగులు నెలకొల్పుటలో మిగుల వెనుకబడెనని 2006లో తెలిపిరి. బూజు పెరుగుట వేరు, పైరులోనికి జొచ్చుట వేరని దీనివలన స్పష్టమగుచున్నది.

కావున దానిని వాకిటనే ఆపుట మేలు. ట్రైసైక్లజోలు అను మందు గుమ్మటమునకు నల్లని పూత పట్టనీయదు. అందువలన ఒత్తిడి నిలువదు. అనగా ఇది తొలి మచ్చలు కనబడగనే పనికివచ్చును గాని, ఎండిన ఆకును బ్రతికింపజాలదు. మోతాదును, వాడుకను వ్యవసాయాధికారి నడిగి తెలిసికొనుడు.

రాత్రులు చల్లబడి, మంచు కురిసి, మబ్బు పట్టిన దినములలో యూరియా చల్లకుడు. నత్రజనిని ఒకేసారి గాక దఫాలుగా వేయుడు. గట్లపై గడ్డిని తీసివేయుడు. తెగులు సోకిన చేని గింజను విత్తనమునకు ఉంచకుడు. తెగులునకు తట్టుకొను రకములను గూర్చి, సికిందరాబాదునకు ప్రక్కనున్న హైదరాబాదులో, రాజేంద్రనగరమునందలి వరి పరిశోధన సంస్థవారిని అడుగవచ్చును.

ఈ బూజు విత్తులు గాలిలో ఎగిరి ఒకరి చేనినుండి మరియొకరి చేనికి పోవును. ఒక్కరు జాగ్రత్తపడిన చాలదు. మంచి విత్తనమును సంఘము ద్వారా కలిసి కొని, మచ్చ కనబడిన దినముననే పొరుగువారికి తెలుపుడు.