భయం ఎందుకు రుచిస్తుంది?

సింగపూర్‌లోని పాయా లేబర్ అనే పేరుకు మలయ్ భాషలో విశాలమైన చిత్తడి నేల అని అర్థం. నేడక్కడ ఎత్తైన భవనాలు, రైలు కూడలి, 2019లో తెరచిన షా వారి సినిమాశాల కనిపిస్తాయి. ఆ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న గేలాంగ్ సెరాయ్ మలయ్ ప్రజల చిరకాల నివాసం. ప్రసవ సమయంలో మరణించిన స్త్రీ ‘పొంతియానాక్’ అనే దయ్యమై అరటిచెట్టును ఆశ్రయిస్తుందని, మెడ వెనుక మేకు దిగగొడితే మామూలు స్త్రీగా మారుతుందని మలయ్ జానపదుల విశ్వాసం.

భారతదేశం నుండి వచ్చిన దర్శకుడు బి. ఎన్. రావు ఈ గాథను తెరకెక్కించారు. కేథే-కెరిస్ సంస్థ నిర్మించగా, మరియా మెనాడో నాయికగా ‘పొంతియానాక్’ 1957లో సింగపూర్‌లో విడుదలై ఘనవిజయం పొందింది. 1958 లోపే దానికి రెండు కొనసాగింపులు వెలువడ్డాయి. నిజజీవితంలో భయానికి దూరంగా పారిపోయే మనిషి, అదే భయాన్ని రుసుము చెల్లించి మరీ ఎందుకు కోరుకుంటాడు?

శరీరంలో జరిగేది

అకస్మాత్తుగా పెద్ద శబ్దం వినిపిస్తే, ఆలోచనకు అవకాశం లేకుండానే మెదడులోని అమిగ్డాలా అనే చిన్న భాగం హెచ్చరిక పంపుతుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. శరీరం పోరాటానికో, పలాయనానికో సిద్ధమవుతుంది. మరుక్షణమే ‘ఇది తెర మాత్రమే’ అని వివేకం గుర్తుచేస్తుంది. అపాయం తొలగినా ఉద్రేకం వెంటనే చల్లారదు. ఆ మిగిలిన ఉద్రేకమే ఊరటను, ఉల్లాసాన్ని ఇనుమడింపజేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త డాల్ఫ్ జిల్‌మన్ ప్రతిపాదించారు. కొత్త ఆవకాయ కారానికి కళ్ళనీళ్ళు కారుతున్నా మరో ముద్ద కలుపుకోవడం తెలుగువారికి తెలిసినదే. శరీరం బెదిరినా అపాయం లేదని మనసు ఎరిగినప్పుడు కలిగే ఇటువంటి ఆనందాన్ని పాల్ రోజిన్ అనే శాస్త్రవేత్త విశేషంగా పరిశీలించారు.

నియమాలే కంచె

భయానక చిత్రాలలో చీకటి, నిశ్శబ్దం, పాడుబడిన భవనం, పెడచెవిన పెట్టిన హెచ్చరిక పదేపదే కనిపిస్తాయి. 1942 నాటి అమెరికన్ చిత్రం ‘క్యాట్ పీపుల్’లో ఒంటరిగా నడిచే యువతిని ఏదో వెంటాడుతున్నట్టు ఉత్కంఠ పెంచి, చివరికి బస్సు ఆగిన చప్పుడుతో ప్రేక్షకుని ఉలిక్కిపడేలా చేస్తారు. ఈ ఉపాయాన్ని అనేకులు అనుసరించారు.

దయ్యానికి విరుగుడు ఉండడం మరొక నియమం. పొంతియానాక్‌కు మేకు ఎటువంటిదో, ‘అరుంధతి’ (2009)లో పశుపతికి జేజమ్మ అస్థికలతో చేసిన ఆయుధం అటువంటిది. రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో సాధారణ కుటుంబం నివసించే ఇల్లే భయస్థానమైనా, కథకు తనదైన కట్టుబాటు ఉంది. ఈ నియమాలు భయానికి కంచెలా పనిచేస్తాయి. కంచె ఉన్నదన్న ధీమాతోనే ప్రేక్షకుడు లోపలికి తొంగిచూస్తాడు. భరతుడు నాట్యశాస్త్రంలో భయాన్ని స్థాయిభావంగా చెప్పి, దాని నుండి భయానక రసం నిష్పన్నమవుతుందన్నాడు. లోకంలోని భయం వేరు, రసంగా ఆస్వాదించే భయం వేరు.

పిల్లల విషయంలో

కంచె కనిపించని వారికి ఈ రసం అందదు. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు కల్పనను, వాస్తవాన్ని స్థిరంగా వేరుచేసుకొనే శక్తి పూర్తిగా ఏర్పడదు. ‘అది సినిమాయే కదా’ అన్న మాట వారి భయాన్ని తీర్చదు. చిత్రాన్ని ఆపి, దీపం వెలిగించి, దగ్గర కూర్చోబెట్టుకోవడమే మేలు. కొంత పెద్దవారికైతే వేషం, శబ్దం ఎలా కల్పిస్తారో వివరించవచ్చు. సింగపూర్‌లో చిత్రాలకు వయసును బట్టి వర్గీకరణ ఉన్నది. తల్లిదండ్రులు దానిని గమనించడం అవసరం.

పెద్దలకూ మితమే హితం. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక భూతగృహానికి వచ్చిన 110 మందిని పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. భయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆనందం తగ్గింది; మధ్యస్థంగా ఉన్నప్పుడే అది అధికమైంది. కనుక భయానక చిత్రానికి వెళ్ళేవారు తమతో వచ్చేవారి ఓర్పును కూడా గమనించాలి. ఒకరికి వినోదమైనది మరొకరికి నిద్రలేని రాత్రి కారాదు.