నెల్లితోపులోనా, వైట్ టౌన్‌లోనా?

ప్రశ్న: యానాం నుంచి అమ్మానాన్నలతో మొదటిసారి పుదుచ్చేరి వెళ్తున్నాం. నెల్లితోపులో ఒక హోటల్, వైట్ టౌన్‌లో ఒకటి చూశాం. ఏది మేలు?

జవాబు: జిప్‌మర్‌లో చూపించుకోవడానికైతే ఆలోచించక్కర్లేదు, నెల్లితోపే. బస్టాండు దగ్గర, అద్దె కూడా తక్కువ. ఊరు చూడ్డానికే అయితే కాస్త ఖర్చయినా నా ఓటు వైట్ టౌన్‌కి. అక్కడ బీచ్ రోడ్డు మీద సాయంత్రం 6 నుంచి ఉదయం 7.30 దాకా బళ్లు తిరగనివ్వరు, పెద్దవాళ్లు నిశ్చింతగా నడవొచ్చు. మణకుళ వినాయకుడి గుడి, అరవిందాశ్రమం కాలినడక దూరమే. నెల్లితోపు నుంచైతే ప్రతిసారీ ఆటో బేరం తప్పదు. ఒక్క చిక్కు: పాత ఫ్రెంచి ఇళ్లను మార్చి కట్టిన హోటళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు. కింది అంతస్తులో గది ఇస్తారో లేదో ఫోన్‌లో అడిగాకే డబ్బు కట్టండి. శని, ఆదివారాలు చెన్నై జనంతో కిటకిట, వారం మధ్యలో వెళ్లండి.