భీమిలి నుంచి బారువకు తెరచాప మీద

ప్రశ్న: గ్రీసు దీవుల చుట్టూ వారం రోజులు తెరచాప పడవలో తిరిగినట్టు మన శ్రీకాకుళం, విజయనగరం తీరంలో తిరగొచ్చాండీ?
– ఓ పాఠకుడు, నరసన్నపేట

జవాబు: తిరగొచ్చు. కానీ గ్రీసు లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ గాలి ముదిరితే పక్క దీవి చాటుకు చేరొచ్చు. మనకు దీవుల్లేవు. భీమిలి నుంచి బారువ దాకా సుమారు 160 కిలోమీటర్లు బయలు తీరమే. నాగావళి, వంశధార మొగల్లో ఇసుక మేటలు కదులుతుంటాయి, మ్యాపును నమ్మి లోపలికి పోవద్దు. అందుకే ఒడ్డుకు లాగగల చిన్న పడవే ఎంచుకోండి.

మార్చి నెల మంచిది. అప్పటికి గాలీ, నీటి వాలూ ఈశాన్యానికి మళ్లుతాయి కాబట్టి భీమిలిలో బయల్దేరి ఉత్తరానికే సాగండి. తెల్లవారుజామున నేల గాలితో కదిలి, మధ్యాహ్నం సముద్రపు గాలి ముదిరేలోగా ఒడ్డు చేరాలి. చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు మజిలీలు. చింతపల్లి దగ్గర నీళ్లలో రాళ్లున్నాయి, జాగ్రత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, ఆ ఆలోచనే వద్దు.

వెంట ఇంజన్ పడవ, స్థానిక మత్స్యకారుడు తప్పనిసరి. ఒడ్డున విరిగే కెరటాన్ని దాటించడం వాళ్లకే తెలిసిన విద్య, దానికి తగ్గ కూలి ఇవ్వండి. తెరచాప కొత్తయితే ముందు హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో శిక్షణ తీసుకోండి. బయల్దేరే ముందు మెరైన్ పోలీసులకు చెప్పి, సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల అంచనా రోజూ చూసుకోండి.