డెసిబెల్ నుండి వోల్టేజి కట్టే లెక్క

ఈసారి మన గోడపత్రికకు సైన్సు వ్యాసం రాస్తున్నాను. ఇందులో ఘాతాంకాలు, వర్గమూలం వస్తే చాలు. భయపడకుండా చదవండి.

సెల్‌ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ అని ఉంటుంది. చాలా ఫోన్లలో అది తెరిస్తే సిగ్నల్ బలం 'మైనస్ 100 డీబీఎం' లాగా కనిపిస్తుంది. డీబీ అంటే డెసిబెల్, అనగా బెల్‌లో పదో వంతు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు మీద బెల్ అని పెట్టారు. చివర ఉన్న ఎం అంటే మిల్లీవాట్, అనగా వాట్‌లో 1000వ వంతు.

సున్నా డీబీఎం అంటే ఏమీ లేదని కాదు. సరిగ్గా 1 మిల్లీవాట్ సామర్థ్యం అని అర్థం. అక్కడి నుండి మెట్లు దిగినట్టు దిగాలి. 10 దిగితే సామర్థ్యం 10వ వంతు, 20 దిగితే 100వ వంతు, 30 దిగితే 1000వ వంతు అవుతుంది. మైనస్ ఉంటే సిగ్నలే లేదని కొందరు అంటారు. అట్లా కాదు, 1 మిల్లీవాట్ కంటే తక్కువ ఉందని మాత్రమే.

ఇక వోల్టేజికి సూత్రం ఇది:
వోల్టేజి × వోల్టేజి = సామర్థ్యం × నిరోధం

సామర్థ్యం వాట్లలో, నిరోధం ఓములలో ఉండాలి. రేడియో పరికరాల లెక్కల్లో ఎక్కువగా 50 ఓములు తీసుకుంటారు. టీవీ కేబులుకైతే 75.

ఉదాహరణ: మైనస్ 100 డీబీఎం, 50 ఓములు.
1. మైనస్ 100ను 10తో భాగిస్తే మైనస్ 10. సామర్థ్యం 10⁻¹⁰ మిల్లీవాట్లు.
2. వాట్లలోకి మారిస్తే 10⁻¹³ వాట్లు.
3. 50తో గుణిస్తే 5 × 10⁻¹².
4. వర్గమూలం తీస్తే సుమారు 2.24 × 10⁻⁶ వోల్టులు, అనగా 2.24 మైక్రోవోల్టులు.

టార్చిలైటు బ్యాటరీ 1.5 వోల్టులు. దాన్ని ఆరున్నర లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా కాదు ఇది! అయినా ఫోను దీన్ని పట్టుకుంటుంది.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది: 20 డెసిబెల్స్ తగ్గితే సామర్థ్యం 100వ వంతు అవుతుంది, వోల్టేజి మాత్రం 10వ వంతే. ఎందుకంటే 100 వర్గమూలం 10.

సెలవుల్లో మా అన్నయ్య ఫోన్లో చూసి రాసుకొచ్చాను. మా ఇంటి ముందు మైనస్ 120, గుట్ట మీద ఇప్పచెట్టు కాడ మైనస్ 100. అంటే కింద 0.22 మైక్రోవోల్టులు, పైన 2.24. పోయిన వానాకాలం రాత్రిపూట మా వదినకు నొప్పులు వస్తే ఇంటి దగ్గర 108కి ఫోను కలవలేదు. అన్నయ్య చీకట్లో గుట్ట ఎక్కితే కలిసింది. వదిన, పాప క్షేమంగా ఉన్నారు. గుట్ట ఎక్కాలని మా గూడెంలో అందరికీ తెలుసు. ఎందుకో ఈ లెక్క చెబుతుంది. అక్కడ వోల్టేజి 10 రెట్లు.

మీరు కూడా ఇంటికి పోయినప్పుడు పగటిపూటే నాలుగు చోట్ల చూడండి. మైనస్ తర్వాత అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత ఎక్కువ. మంచి చోట రాయి పాతి ఇంట్లో అందరికీ చూపించండి. చదువు రానివాళ్లకు కూడా ఆ రాయి తెలుస్తుంది.

మీకొక లెక్క: మైనస్ 80 డీబీఎం, 50 ఓములు. ఎన్ని మైక్రోవోల్టులు? చేసినవాళ్లు రేపు స్టడీ అవర్‌లో నాకు చూపించండి.