అరగంట ఇంగ్లీషు చాలు, అమ్మడూ

మండపేట,
దసరా వెళ్లిన ఆదివారం.

అమ్మడూ,

మొన్న నువ్వు ఫోన్లో చెప్పిన మాట రెండు రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది. నీ చిన్నోడు టెక్సాస్‌లో బళ్లో చేరి రెండు నెలలవుతున్నా అక్కడ నోరు విప్పడం లేదనీ, టీచరమ్మ చీటీ పంపిందనీ, ఇక ఇంట్లో తెలుగు ఆపేసి అందరూ ఇంగ్లీషే మాట్లాడాలని నువ్వూ అల్లుడుగారూ అనుకున్నారనీ చెప్పావు. పక్క ఫ్లాట్‌లో ఉన్న మెక్సికో అమ్మాయి కూడా తన కూతురి కోసం స్పానిష్ మానేద్దామా అని నిన్నే సలహా అడిగిందన్నావు. ఫోన్లో నోటికొచ్చింది చెప్పడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతికినదాన్ని, ఇంగ్లీషు వద్దని నేనెందుకంటాను? వాడికి తప్పకుండా నేర్పు. తెలుగు మాత్రం ఆపకు.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాణ్ణి తాపేశ్వరం తీసుకెళ్లాం, గుర్తుందా? మడత కాజా చేతికిస్తే తినలేదు. ఒక్కో పొరా విప్పుతూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. చేతులు మోచేతుల దాకా జిగురు. ఆఖరికి, "పెద్దమ్మమ్మా, దీనికి కన్నం లేదు కదా, పాకం లోపలికెలా వెళ్లింది?" అన్నాడు. నూనెలో వేగేటప్పుడు పొరలు విచ్చుకుంటాయనీ, ఆ సందుల్లోంచి పాకం పీలుస్తుందనీ చెబితే, "మరి బయటికెందుకు రాదు?" అని ఇంకోటి. నాలుగేళ్లయినా నిండని పిల్లాడు! రేపు క్లాసులో 'హౌ' అనీ 'వై' అనీ అడగబోయేది ఆ బుర్రే. దాన్ని ఇన్నాళ్లూ పెంచింది నీ తెలుగే. నీకు ఇంగ్లీషు బాగా వచ్చు, కాదనను. అది ఆఫీసులో పనికొచ్చే ఇంగ్లీషు. అన్నం తిననని మారాం చేస్తే బుజ్జగించడానికి, చీకటంటే భయపడితే కబుర్లు చెప్పి నిద్రపుచ్చడానికి నీ దగ్గర ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయి? ఉన్న నాలుగూ అయిపోయాక 'సిట్', 'ఈట్', 'స్లీప్' మిగులుతాయి. పిల్లాడికి తల్లి నోటి నుంచి రావలసింది అంతేనా?

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా పెద్దాణ్ణి ఒక కాన్వెంటులో వేసినప్పుడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని అక్కడి వాళ్లు గట్టిగా చెప్పారు. నేను ఇంగ్లీషు టీచర్ని కదా, ఊళ్లో నాకంటే బాగా ఎవరు చేస్తారనుకుని పట్టుగా చేశాను. వాడు తెలుగులో అడిగితే పలికేదాన్ని కాదు. మూడు నెలలు తిరిగేసరికి వాళ్ల నాయనమ్మ ఏమడిగినా 'యస్', 'నో' తప్ప ఇంకో ముక్క లేదు. అత్తయ్య అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఒకరోజు నన్నడిగింది: "ఏవమ్మా, పిల్లాడికి నా మీద కోపమా?" ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాటి నుంచి మళ్లీ తెలుగు మొదలుపెట్టాను. ఇంగ్లీషు వాడికి ఆ తర్వాత కూడా వచ్చింది, శుభ్రంగా వచ్చింది. ఆ మూడు నెలల కబుర్లు మాత్రం అత్తయ్యకు నేను తిరిగివ్వలేకపోయాను.

బళ్లో వాడి మౌనం గురించి నువ్వు అంత బెంగపడక్కర్లేదు. కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మాట్లాడకుండా వింటూ ఉంటారు. వింటున్నాడా లేదా అన్నదే చూడాలి. "కోటు తెచ్చుకో" అంటే తెచ్చుకుంటున్నాడా, లైన్లో నిలబడమంటే నిలబడుతున్నాడా అని టీచరమ్మను అడుగు. ఇంట్లో గలగలా మాట్లాడతాడని కూడా ఆవిడకు చెప్పు. ఇంట్లోనూ మాట తగ్గితే, పిలిస్తే తిరిగి చూడకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలి. ఇంకో సంగతి. నాలుగేళ్ల పిల్లలకు టెక్సాస్ ప్రభుత్వ బళ్లలో ఉచితంగా సీటిచ్చే కారణాల్లో ఇంగ్లీషు రాకపోవడం ఒకటి. నువ్వు చెప్పిందాన్ని బట్టి చిన్నోడికి సీటొచ్చింది అలాగే కదా. నేర్పడానికే తీసుకున్నారు, నేర్పనీ.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? రోజూ ఒక అరగంట, ఒకే పని దగ్గర, ఇంగ్లీషు. నన్నడిగితే ఉతికిన బట్టలు మడతపెట్టే వేళ బాగుంటుంది. సాక్సు చేతికిచ్చి 'పుట్ ఇట్ ఇన్ ద బాస్కెట్' అను, నువ్వే వేసి చూపించు. తర్వాత వాడు వేస్తాడు. మర్నాడు 'ఆన్ ద బాస్కెట్', ఆ తర్వాత 'అండర్ ద బాస్కెట్'. మనం 'బుట్టలో', 'బుట్ట మీద' అని మాట వెనక చెప్పేదాన్ని ఇంగ్లీషువాడు మాట ముందు చెబుతాడు. ఈ తేడా నేను ఎనిమిదో తరగతికి బోర్డు మీద గీతలు గీసి చెప్పేదాన్ని, సగంమందికి ఎక్కేది కాదు. నీ కొడుక్కి ఆ సాక్సే చెబుతుంది. కాలిఫోర్నియాలో జేమ్స్ ఆషర్ అనే ప్రొఫెసరు 1960లలో ఈ పద్ధతి మీద పనిచేశాడు: ముందు విని చేతులతో చెయ్యనివ్వు, మాట దానంతటదే వస్తుంది, వచ్చేదాకా 'చెప్పు చెప్పు' అని పీకకు. మన దేశంలో ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి బెంగళూరు ప్రాజెక్టు అనే బోధనా ప్రయోగంలో పెద్ద పిల్లలకు రైలు టైం టేబుళ్లూ మ్యాపులూ ఇచ్చి పని చేయించారు. పని మీద ధ్యాస ఉంటే భాష వెనకాలే వస్తుందని ఆయన నమ్మకం. వాడు 'సాక్ బాస్కెట్' అంటే తప్పనకు. 'యస్, ద సాక్ ఈజ్ ఇన్ ద బాస్కెట్' అని నిండుగా అని ఊరుకో.

పక్కింటి పాపను కూడా ఆ అరగంటకు పిలు. వాళ్ల భాషకూ మన భాషకూ ఇంగ్లీషు దగ్గర ఒకే చోట కాలు జారుతుందంటే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మన ఊళ్లో పెద్దవాళ్లు 'ఇస్కూలు', 'ఇస్టేషను' అనేవారు కదా. స్పానిష్‌లో బడి 'ఎస్కువేలా', స్టేషను 'ఎస్తసియోన్'. ఆ పిల్ల కూడా స్కూల్‌ని 'ఎస్కూల్' అనే అవకాశం ఉంది. ఇద్దర్నీ పాములా 'స్స్స్' అని బుసకొట్టించి, ఊపిరి ఆగకుండా 'కూల్' అనిపించు, ఆటలా ఉంటుంది. అలాగే 'వ్యాన్' అన్నప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలాలి, 'వాటర్' అన్నప్పుడు పెదాలు సున్నాలా చుట్టాలి. అద్దం ముందు నిలబెట్టి చూపించు. ఆకలి సంగతి ఇంకా బాగుంటుంది. మనకు ఆకలి వేస్తుంది. వాళ్లు 'తెంగో ఆంబ్రే' అంటారు, అంటే నాకు ఆకలి ఉంది అని. ఇంగ్లీషువాడు 'ఐ యామ్ హంగ్రీ' అని తానే ఆకలైపోతాడు. మాటకు మాట మార్చి చెప్పబోతే పిల్లలు తికమకపడతారు. ఆకలేసినప్పుడు ఆ ముక్క వినిపిస్తే చాలు.

లైబ్రరీలో ఎరిక్ కార్ల్ రాసిన 'ద వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్' తెచ్చుకో. 1969 నాటి పుస్తకం. గొంగళిపురుగు సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు పియర్లు, అలా తింటూ పోతుంది. మొదటి రాత్రి బొమ్మలు చూపిస్తూ కథంతా తెలుగులో చెప్పు. కథ తెలిశాక రెండో రాత్రి ఇంగ్లీషులో చదువు. దానికి స్పానిష్ ప్రతి కూడా ఉంది, ఆ తల్లికి చెప్పు. ఆవిడకు ఇంకో మాట కూడా చెప్పు. టెక్సాస్ చట్టం ప్రకారం ఒకే తరగతిలో ఒకే భాష పిల్లలు, ఇంకా ఇంగ్లీషు సరిగా రానివాళ్లు, స్కూల్ డిస్ట్రిక్ట్ మొత్తం మీద కనీసం 20 మంది ఉంటే ద్విభాషా బోధన పెట్టాలి. స్పానిష్ మాట్లాడే పిల్లలు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. బడిలోనే స్పానిష్‌లో పాఠాలు చెబుతుంటే ఇంట్లో తీసెయ్యడమెందుకు? మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతంలో సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి బళ్లు పెట్టింది ఈ నమ్మకంతోనే.

మన పిల్లలకు అక్కడ ఆ వసతి దొరకడం కష్టం. అందుకే ఇంటి మీద భారం ఎక్కువ. ఇప్పుడు మానేసి, పదేళ్లొచ్చాక శనాదివారాలు తెలుగు క్లాసులకు తిప్పే తల్లిదండ్రులు మన వాళ్లలోనే ఉన్నారు. అక్కడి సిలికానాంధ్ర సంస్థ వాళ్లు 2007లో మనబడి మొదలుపెట్టారంటే ఆ అవసరం ఉండబట్టే. రాయడం, చదవడం వాళ్లు చక్కగా నేర్పుతారు. 'పాకం లోపలికెలా వెళ్లింది' అని అడగడం మాత్రం నీ వంటింట్లోనే రావాలి.

ఇక్కడ వరి పొట్ట మీదుంది. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. రోజూ సాయంత్రం నీ వీడియో కాల్ కోసం కళ్లజోడు తుడుచుకుని కూర్చుంటుంది. పోయిన ఆదివారం చిన్నోడు "హాయ్, బై" అని వెళ్లిపోయాడట. నాకు చెబుతూ నవ్వింది కానీ, ఆ నవ్వు నేనెరుగుదును. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం బట్టల బుట్ట ఫోన్ ముందు పెట్టు. సాక్సు ఎందులో వేశాడో వాడు అమ్మమ్మకు తెలుగులో చెప్పాలి, ఆవిడకు ఇంగ్లీషులో ఏమంటారో కూడా వాడే నేర్పాలి. నేనూ పక్కనే కూర్చుంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ